హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఐటిన్‌తో మొదటి క్రెడిట్ కార్డు తీసుకోవడం ఎలా

అద్దె ఒప్పందం ఆయన పేరు మీద, కారు ఆయన పేరు మీద, ఫోన్ ప్లాన్ కూడా ఆయన పేరు మీదే. "ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకుండా నా పేరు మీద ఒక్క కార్డు కూడా రాదా?" అని హెచ్-4 (హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద అమెరికా వచ్చిన మనవాళ్లు తరచుగా అడుగుతున్నారు. ఈమధ్య భార్య హెచ్-1 మీద, భర్త హెచ్-4 మీద ఉన్న ఇళ్లూ పెరిగాయి కాబట్టి ఇది ఆడవాళ్లకే పరిమితమైన సమస్య కాదు.

కార్డు వస్తుంది. అయితే ముందు నంబరుకి దరఖాస్తు, తర్వాత బ్యాంకు ఖాతా, నంబరు చేతికొచ్చాక కార్డు అన్న వరస పాటించాలి. చాలామంది కార్డుతో మొదలుపెట్టి, రెండు మూడు చోట్ల రిజెక్ట్ అయ్యాక ఐటిన్ (ఎస్ఎస్ఎన్ రానివాళ్లకి ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, ఇచ్చే నంబరు) గురించి వెతుకుతారు. రిజెక్ట్ కావడానికి కారణం ఆదాయం లేకపోవడమే అనుకుంటారు. నేను చూసినంతలో పేరు, అడ్రస్, పుట్టినతేదీ ఒక్కో చోట ఒక్కోలా ఉండడం వల్ల, ఈ మనిషి ఎవరో బ్యాంకు తేల్చుకోలేక ఆగిపోయినవే ఎక్కువ.

1. మీకు నిజంగా ఐటినే కావాలా?

ఎస్ఎస్ఎన్ వచ్చే అర్హత ఉన్నవాళ్లకి ఐటిన్ ఇవ్వరు. కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

మీది ఎల్-2 (కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతో వచ్చినవారి భార్య లేదా భర్త వీసా) అయి, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే మీకు పనిచేసే హక్కు ఉన్నట్టే. 2021 నవంబరు నుంచి ఎల్-2 భార్యాభర్తలకి విడిగా ఈఏడీ (పని అనుమతి కార్డు) అక్కర్లేదు. నేరుగా సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి ఎస్ఎస్ఎన్ అడగండి. ఈ గైడ్‌లో 5వ అంచె నుంచి చదివితే మీకు సరిపోతుంది.

మీది హెచ్-4 అయి, హెచ్-1 మీద ఉన్నవారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే, 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం హెచ్-4 ఈఏడీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ దరఖాస్తు ఫారం ఐ-765లోనే ఎస్ఎస్ఎన్ కూడా కావాలని టిక్ పెట్టవచ్చు. ఈఏడీ దగ్గర్లోనే ఉంటే ఐటిన్ కోసం తిరగకండి.

ఇంకా ఐ-140 దాకా రానివాళ్లకే ఐటిన్ దారి. ఇక్కడ ఒక మెలిక ఉంది. "క్రెడిట్ కార్డు కోసం" అంటే ఐఆర్ఎస్ ఐటిన్ ఇవ్వదు. అది పన్ను అవసరానికి మాత్రమే ఇచ్చే నంబరు. హెచ్-4 వాళ్లకి ఆ అవసరం సహజంగానే ఉంటుంది: భార్యాభర్తలు కలిసి జాయింట్ రిటర్న్ వేయాలంటే ఇద్దరికీ నంబరు ఉండాలి. జాయింట్‌గా వేస్తే వచ్చే లాభం చిన్నది కాదు. 2024 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ విడిగా వేస్తే 14,600 డాలర్లు, కలిసి వేస్తే 29,200 డాలర్లు. అంటే కార్డు సంగతి పక్కనపెట్టినా ఐటిన్ తెచ్చుకోవాల్సిందే.

ఐటిన్ ఉన్నంత మాత్రాన పనిచేసే హక్కు రాదు, వీసా స్టేటస్ మారదు. 9తో మొదలయ్యే తొమ్మిది అంకెల పన్ను నంబరు, అంతే.

2. పేరు ఎలా రాయాలో ముందే తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మనవాళ్లకి ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే.

ఒక ఉదాహరణ చూడండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ "వేమూరి", గివెన్ నేమ్ "సాయి లక్ష్మీ ప్రసన్న". బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు అక్కడి ఉద్యోగి మొదటి పేరు "సాయి", మధ్య పేరు "ఎల్" అని ఎక్కించాడు. భర్త కార్డు మీద యాడ్ చేసేటప్పుడు ఆయన ఇంట్లో పిలిచే అలవాటుతో "ప్రసన్న" అని, చివర తన ఇంటిపేరు పెట్టాడు. ఐటిన్ కాగితం మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు ఉంది. మనకి ముగ్గురూ ఒకరే. క్రెడిట్ బ్యూరో (అప్పులు, చెల్లింపుల రికార్డు ఉంచే సంస్థ) కంప్యూటర్‌కి మాత్రం వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు కావచ్చు. అప్పుడు హిస్టరీ ముక్కలైపోతుంది.

అందుకని:

☐ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అన్నిచోట్లా వాడండి. ఒకచోట ఒక "ఎ", ఇంకోచోట రెండు "ఎ"లు వద్దు.
☐ గివెన్ నేమ్‌లో మూడు మాటలుంటే ఏది ఫస్ట్ నేమ్, ఏది మిడిల్ నేమ్ అన్నది ఒకసారి నిర్ణయించుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ప్రతి ఫారం దాన్ని చూసే నింపండి.
☐ పాస్‌పోర్టులో మారనంతవరకు పెళ్లి తర్వాత ఇంటిపేరు ఎక్కడా మార్చి రాయకండి.
☐ పుట్టినతేదీలో నెల ముందు, తేదీ తర్వాత. ఆగస్టు 5న పుట్టినవారు అలవాటుగా 05/08 అని రాస్తే ఇక్కడ అది మే 8 అవుతుంది.
☐ అపార్ట్‌మెంట్ నంబరు ఎప్పుడూ వదలకండి. లీజులో ఎలా ఉందో అలాగే రాయండి.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. వీసా మీద పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, ముందు "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. బ్యాంకు దాన్నే మొదటి పేరు అనుకుని కార్డు మీద కూడా అచ్చు వేస్తుంది. వీలైతే పాస్‌పోర్టు రెన్యువల్ చేయించేటప్పుడే పేరు రెండుగా విడగొట్టించుకోండి. ఆ పని ఐటిన్‌కి ముందే అయితే చాలా శ్రమ తప్పుతుంది.

3. ఐటిన్ తెచ్చుకోవడం

కావాల్సింది డబ్ల్యూ-7 ఫారం (ఐటిన్ దరఖాస్తు), దానికి జతగా ఆ ఏడాది పన్ను రిటర్న్, మీరెవరో నిరూపించే పత్రం. పాస్‌పోర్టు ఒక్కటి ఉంటే చాలు, మిగతా గుర్తింపు పత్రాలేవీ అక్కర్లేదు.

పాస్‌పోర్టు చూపించడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఒరిజినల్ పాస్‌పోర్టునే పోస్టులో పంపడం. తిరిగి పంపడానికి 60 రోజులదాకా పట్టవచ్చని ఐఆర్ఎస్సే చెప్తుంది. ఈలోపు ఇండియాలో ఏదైనా అత్యవసరం వస్తే? ఆ టెన్షన్ నాకైతే వద్దు, మీకూ వద్దంటాను.

రెండోది, సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గరికి వెళ్లడం. వీళ్లని సీఏఏ అంటారు. పాస్‌పోర్టు వాళ్లే చూసి ధృవీకరించి, మీది మీకు అక్కడే ఇచ్చేస్తారు. రాష్ట్రాలవారీగా వీళ్ల జాబితా ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో తెలుగు మాట్లాడే సీఏఏలు కూడా దొరుకుతారు. ఫీజు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, ముందే అడిగి పెట్టుకోండి. పన్ను రిటర్న్ కూడా వాళ్లే చేస్తామంటే రెండింటికీ కలిపి ఎంతో విడమర్చి చెప్పమనండి.

మూడోది, ఐఆర్ఎస్ వారి టాక్స్‌పేయర్ అసిస్టెన్స్ సెంటర్. ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లాలి. అన్ని సెంటర్లలోనూ ఈ పని చేయరు, ఫోన్లోనే కనుక్కోండి. ఇక్కడా పాస్‌పోర్టు చేతికి ఇచ్చేస్తారు. సీఏఏకి ఇచ్చే డబ్బు మిగులుతుంది.

నోటరీ చేయించిన జిరాక్స్ చెల్లదు. మన దగ్గర గెజిటెడ్ సంతకం అలవాటు ఉండడం వల్ల చాలామంది ఇక్కడే పొరపాటు పడి, రెండు నెలలు పోగొట్టుకుంటారు.

ఇక ఫారం. పైన ఉన్న కారణాల గడుల్లో, హెచ్-1 మీద ఉన్నవారు పన్ను లెక్కలో రెసిడెంట్ అయి, మీరిద్దరూ జాయింట్‌గా వేస్తుంటే సాధారణంగా "ఇ" గడి వర్తిస్తుంది. దాని పక్కనే వారి పేరు, ఎస్ఎస్ఎన్ రాయాలి. మీరు ఏడాది మధ్యలో వచ్చి ఇంకా నాన్‌రెసిడెంట్ లెక్కలోనే ఉంటే, మమ్మల్ని ఏడాదంతా రెసిడెంట్లుగా పరిగణించండి అని ఇద్దరూ సంతకం చేసిన ఒక లేఖ రిటర్న్‌కి జతపరచాలి. వచ్చిన మొదటి ఏడాది రిటర్న్ మాత్రం తెలిసినవారి చేత చేయించుకోవడం మంచిది.

3వ లైనులో ఇండియా అడ్రస్ అడుగుతారు, అమెరికా అడ్రస్ మళ్లీ రాయకండి. 6బిలో మీ దేశపు పన్ను నంబరు అని ఉంటుంది, పాన్ ఉంటే అదే రాయండి. 6సిలో వీసా రకం, నంబరు, గడువు తేదీ. 6డిలో పాస్‌పోర్టు వివరాలతో పాటు అమెరికాలోకి వచ్చిన తేదీ.

పంపే ముందు:

☐ పన్ను రిటర్న్ ఫారం 1040లో మీ ఎస్ఎస్ఎన్ గడి ఖాళీగా ఉందా? అక్కడ సున్నాలు, తొమ్మిదులు పెట్టకూడదు.
☐ రిటర్న్ కాగితం మీద ఉందా? ఐటిన్ కోసం అప్లై చేస్తున్న రిటర్న్‌ని ఈ-ఫైల్ చేయడం కుదరదు.
☐ ఇద్దరూ సంతకం పెట్టారా? జాయింట్ రిటర్న్ మీద ఒక్కరి సంతకంతో పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.
☐ డబ్ల్యూ-7 మీద మీ సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉన్నాయా?
☐ కవరు టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని ఐటిన్ విభాగానికే వెళ్తోందా? మామూలు రిటర్న్‌లు పంపే అడ్రస్ వేరు.
☐ మొత్తం కట్ట స్కాన్ చేసుకుని, ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపారా?

మామూలుగా 7 వారాలు పడుతుంది. జనవరి 15 నుంచి ఏప్రిల్ 30 లోపు పంపితే 9 నుంచి 11 వారాలు. ఆ తర్వాత మీ పేరు మీద సీపీ565 అనే లేఖ వస్తుంది, నంబరు అందులో ఉంటుంది. సీపీ566 వస్తే ఇంకేదో కాగితం కావాలని అర్థం, చెప్పిన గడువులోపు పంపేయండి. సీపీ567 అంటే తిరస్కరించారని. అందులో కారణం రాసి ఉంటుంది.

"ఈ ఏడాది రిటర్న్ ఆయన విడిగా వేసేశారు, ఇప్పుడెలా?" అంటారా? విడిగా వేసినదాన్ని మూడేళ్లలోపు జాయింట్‌గా సవరించుకోవచ్చు. ఆ సవరణ రిటర్న్‌కే డబ్ల్యూ-7 జతపరిచి పంపండి.

4. లేఖ వచ్చేలోపు ఖాళీగా కూర్చోకండి

ఈ రెండు నెలల్లో చేసుకోగలిగినవి రెండున్నాయి.

బ్యాంకు ఖాతా: ఐటిన్ లేకపోయినా పాస్‌పోర్టు చూసి ఖాతా తెరవడానికి చట్టం బ్యాంకుని అనుమతిస్తుంది. తెరవాలా వద్దా అన్నది ఆ బ్యాంకు ఇష్టం. ఆన్‌లైన్లో ప్రయత్నించి నీరసపడకండి. ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లి, జీతం పడే ఖాతాలోనే మీ పేరు జాయింట్‌గా చేర్పించండి. ఇది తర్వాత ఆదాయం చూపించడానికి ఎంత ఉపయోగపడుతుందో 6వ అంచెలో చూస్తారు. పాస్‌పోర్టు, ఐ-94, మీ పేరు కూడా ఉన్న లీజు లేదా కరెంటు బిల్లు పట్టుకెళ్లండి. లీజులో మీ పేరు లేకపోతే అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి చేర్పించండి.

ఆథరైజ్డ్ యూజర్: హెచ్-1 మీద ఉన్నవారి పాత కార్డులో మిమ్మల్ని చేర్చడం. అప్పు బాధ్యత అసలు కార్డుదారుదే, మీ పేరుతో ఇంకో కార్డు వస్తుంది. కార్డు కంపెనీ ఆ వివరాలు బ్యూరోలకి పంపితే మీ ఫైలు మొదలవుతుంది. ఎస్ఎస్ఎన్ లేనివారి వివరాలు కూడా పంపుతారా, ఐటిన్ వచ్చాక దాన్ని చేర్చవచ్చా అని ఫోన్ చేసి అడగండి. కొన్ని కంపెనీల కార్డు చేతికొస్తుంది కానీ రిపోర్టులో మీ జాడే ఉండదు. పైగా ఆ కార్డు నిండా వాడేసి ఉన్నా, బిల్లు ఆలస్యమైనా ఆ మచ్చ మీ ఫైలు మీద కూడా పడుతుంది. చక్కగా కడుతున్న పాత కార్డునే ఎంచుకోండి.

ఆథరైజ్డ్ యూజర్‌తోనే ఆగిపోకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ కార్డు నుంచి పేరు తీసేస్తే ఆ హిస్టరీ కూడా పోవచ్చు. మీరే అసలు కార్డుదారుగా ఒక కార్డు ఉండాలి.

5. ఏ కార్డుకి అప్లై చేయాలి?

క్యాపిటల్ వన్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, సిటీ, బ్యాంక్ ఆఫ్ అమెరికా ఐటిన్ మీద దరఖాస్తులు తీసుకునేవాటిలో ఉన్నాయి. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి అప్లై చేసే రోజున ఆ కంపెనీ పేజీలో చూసుకోండి. పెద్ద బ్యాంకుల విషయంలో, మీకు ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లి మనిషితో మాట్లాడడం మేలు.

మీ పరిస్థితిని బట్టి ఇలా ఎంచుకోండి.

ఇండియాలో ఉద్యోగం చేసి, అక్కడ కార్డో లోనో ఉండి సిబిల్ బాగుంటే, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలుపెట్టండి. నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా ఇండియాలోని మీ క్రెడిట్ రిపోర్టు చూసి నిర్ణయం తీసుకునే ఏర్పాటు 2019 నుంచి వాళ్లకి ఉంది. డిపాజిట్ అక్కర్లేని కార్డు నేరుగా రావచ్చు. ఇండియా వదిలి వచ్చాక అక్కడి కార్డు బిల్లులు బాకీ పెట్టినవాళ్లకి మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇండియాలోనూ హిస్టరీ లేకపోతే సెక్యూర్డ్ కార్డు. కొంత డబ్బు డిపాజిట్ చేస్తే దాన్నిబట్టి లిమిట్ ఇస్తారు. ఉదాహరణకి క్యాపిటల్ వన్ ప్లాటినమ్ సెక్యూర్డ్‌లో మీ ఫైలుని బట్టి 49, 99 లేదా 200 డాలర్లు కట్టమంటారు, లిమిట్ కనీసం 200 ఉంటుంది. డిపాజిట్ ఖర్చు కాదు. కార్డు మామూలు కార్డుగా మారినప్పుడో, బాకీ లేకుండా మూసినప్పుడో తిరిగి వస్తుంది. సెక్యూర్డ్ కార్డంటే చిన్నతనంగా భావించేవాళ్లున్నారు. బ్యూరో రిపోర్టులో కట్టారా లేదా అన్నదే లెక్క.

ఎంచుకునేటప్పుడు ఈ నాలుగూ చూడండి:

☐ ఏటా ఫీజు ఉండకూడదు.
☐ మూడు బ్యూరోలకీ (ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్) రిపోర్టు చేయాలి.
☐ కొన్నాళ్లకి మామూలు కార్డుగా మార్చే వీలుండాలి.
☐ మీరు రోజూ వెళ్లే షాపులో పనిచేయాలి. కాస్ట్కో స్టోర్లలో వీసా క్రెడిట్ కార్డులే తీసుకుంటారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కానీ మాస్టర్‌కార్డ్ కానీ పట్టుకుని వెళ్తే బండి నిండా సరుకులతో బిల్లింగ్ దగ్గర నిలబడిపోతారు.

ఇండియా వెళ్లినప్పుడు వాడుకుంటారా? అయితే ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు కూడా చూడండి. క్యాపిటల్ వన్ కార్డులకి అది లేదు.

అప్లై చేసే ముందు ఆ కంపెనీకి ప్రీ-అప్రూవల్ పేజీ ఉంటే అందులో కార్డు వచ్చే వీలుందో లేదో చూసుకోండి. దానివల్ల స్కోరుకి నష్టం లేదు. అసలు దరఖాస్తు పెడితే మాత్రం హార్డ్ ఎంక్వైరీ (కంపెనీ మీ రిపోర్టు చూసిందన్న నమోదు) పడి, రెండేళ్లు రిపోర్టులో ఉంటుంది. ఒకేసారి నాలుగు చోట్ల అప్లై చేయడం వల్ల లాభం లేదు.

6. ఫారం నింపేటప్పుడు

నంబరు గడి. "ఎస్ఎస్ఎన్ లేదా ఐటిన్" అని రాసి ఉంటే నిశ్చింతగా ఐటిన్ వేయండి. ఒట్టి ఎస్ఎస్ఎన్ అనే ఉంటే, ఐటిన్ వేయవచ్చా అని కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నాకే వేయండి.

ఆదాయం. "నాకు జీతం లేదు కదా, సున్నా వేయాలా?" అక్కర్లేదు. 2013లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, అంటే సీఎఫ్‌పీబీ, నిబంధన మార్చింది. 21 ఏళ్లు నిండినవారు, తాము వాడుకునే వీలున్న ఇంటి ఆదాయాన్ని తమ ఆదాయంగా చూపవచ్చు. భర్త లేదా భార్య జీతం ఇద్దరి జాయింట్ ఖాతాలో పడుతుంటే, లేదా ఆ జీతంతోనే మీ ఖర్చులు క్రమంగా నడుస్తుంటే అది లెక్కలోకి వస్తుంది. ఇంట్లో ఉండే భార్యాభర్తలకి కార్డులు రావడం లేదన్న గొడవ మీదే ఆ మార్పు వచ్చింది. అయితే అంకె నిజమైనదే వేయండి, అడిగితే పే-స్టబ్ (జీతం చీటీ) చూపించగలగాలి.

ఉద్యోగం గడి. హోమ్‌మేకర్ అని కానీ, ఉద్యోగం లేదు అని కానీ వేయండి. "సెల్ఫ్ ఎంప్లాయిడ్ అని వేస్తే త్వరగా వస్తుందట" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. హెచ్-4 మీద పనిచేసే అనుమతి లేకుండా మీరే సొంత వ్యాపారం ఉందని సంతకం చేసి ఇచ్చినట్టవుతుంది. కార్డు కోసం వీసాని పణం పెట్టకండి.

పౌరసత్వం. కొన్ని ఫారాల్లో "మీరు అమెరికా పౌరులా?" అని ఉంటుంది. తొందరలో కూడా అవును అని నొక్కకండి. పౌరులమని అబద్ధంగా చెప్పుకోవడాన్ని ఇమిగ్రేషన్ చట్టం చాలా తీవ్రంగా తీసుకుంటుంది. గ్రీన్‌కార్డు దాకా వెళ్లాక అది అడ్డం పడితే ఏ లాయరూ తేలిగ్గా తీయలేడు.

నింపాక 2వ అంచెలో రాసిపెట్టుకున్న కాగితంతో ఒక్కో అక్షరం సరిచూసుకుని పంపండి.

7. రిజెక్ట్ అయితే

కారణాలు చెప్తూ 30 రోజుల్లోపు లేఖ పంపాలని చట్టం. దాన్ని చింపేయకండి, ఏం చేయాలో అందులోనే ఉంటుంది.

"మీ వివరాలు నిర్ధారించలేకపోయాం" అని ఉంటే మీరు చేసిన తప్పేమీ లేదు. ఫోన్ చేసి, ఐటిన్ లేఖ, పాస్‌పోర్టు, అడ్రస్ రుజువు పంపుతాను, మళ్లీ చూడండి అని అడగండి. బ్రాంచి ఉంటే స్వయంగా వెళ్లండి. చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది.

"క్రెడిట్ హిస్టరీ చాలదు" అని ఉంటే వాదించి లాభం లేదు. సెక్యూర్డ్ కార్డుకి మారండి.

"ఆదాయం చాలదు" అని ఉంటే మీ సొంత ఆదాయమే రాసి ఉంటారు. సరైన అంకెతో మళ్లీ పరిశీలించమనండి.

లేఖలో ఫలానా బ్యూరో రిపోర్టు చూశామని ఉంటే, 60 రోజుల్లోపు ఆ రిపోర్టు ఉచితంగా అడగవచ్చు. మీ పేరు అక్కడ ఎలా పడిందో తెలుస్తుంది.

ఈ దశలో విసిగినవాళ్ల కోసం కాచుకుని ఉండేవాళ్లు కొందరున్నారు. "సీపీఎన్ నంబరు ఇస్తాం, ఎస్ఎస్ఎన్ బదులు వాడుకోండి" అంటారు. అలాంటి ప్రభుత్వ నంబరే లేదు. వాళ్లు అమ్మేది తరచుగా ఇంకెవరిదో ఎస్ఎస్ఎన్. దాన్ని ఫారంలో వేయడం నేరం.

8. కార్డు వచ్చాక మొదటి ఆరు నెలలు

ఫైకో స్కోరు (బ్యాంకులు ఎక్కువగా చూసే క్రెడిట్ స్కోరు) పుట్టాలంటే కనీసం ఒక ఖాతా ఆరు నెలలు నడవాలి. అప్పటిదాకా యాప్‌లో ఏదైనా అంకె కనిపిస్తే అది వేరే లెక్క ప్రకారం వచ్చిన స్కోరు కావచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి. స్కోరులో 35 శాతం సమయానికి కట్టడం మీద, 30 శాతం బాకీల మీద ఆధారపడుతుంది. రెండూ మీ చేతిలో ఉన్నవే.

బాకీ శాతం ఎలా లెక్కపడుతుందో ఒకసారి చూడండి. మీ లిమిట్ 200 డాలర్లు. నెల మొదట్లో ఇండియన్ స్టోర్లో బియ్యం, పప్పులు, కూరగాయలు కలిపి 140 అయ్యాయి. స్టేట్‌మెంట్ తయారయ్యేది 12వ తేదీన, కట్టాల్సిన గడువు వచ్చే నెల 7. మీరు 7వ తేదీన మొత్తం కట్టేశారు, వడ్డీ పడలేదు. కానీ బ్యూరోకి సాధారణంగా వెళ్లేది 12వ తేదీ నాటి అంకె: 200లో 140, అంటే 70 శాతం వాడేసినట్టు. అదే 10వ తేదీన 125 ముందుగా కట్టేసి ఉంటే 12న కనిపించేది 15 డాలర్లే. ఖర్చు అదే, కట్టిన డబ్బూ అదే, రిపోర్టులో మాత్రం చాలా తేడా. 30 శాతం దాటనివ్వకండి, 10 లోపు ఉంటే ఇంకా మంచిది.

☐ స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ మొత్తానికి ఆటోపే పెట్టండి. "మినిమమ్" అన్నది ఎంచుకుంటే మిగిలినదాని మీద వడ్డీ పడుతుంది.
☐ ఆటోపే ఏ ఖాతా నుంచి వెళ్తుందో అందులో డబ్బు ఉందో లేదో చూసుకోండి.
☐ ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీయకండి. దానికి వడ్డీ లేని గడువు ఉండదు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.
☐ వాడకుండా సొరుగులో పడేయకండి. ఫోన్ రీచార్జో, ఒక చిన్న సబ్‌స్క్రిప్షనో దాని మీద పెట్టండి.
☐ ఇల్లు మారితే అదే వారంలో అడ్రస్ మార్చండి.

"కొంచెం బాకీ ఉంచి వడ్డీ కడితే స్కోరు పెరుగుతుంది" అన్నది మన వాట్సాప్ గ్రూపుల్లో చావని మాట. వడ్డీ కట్టినందుకు ఒక్క పాయింటూ రాదు.

గడువు ఒకటి రెండు రోజులు దాటిపోతే వెంటనే కట్టేసి, ఆలస్య రుసుము మాఫీ చేయమని ఫోన్లో అడగండి. మొదటిసారి అయితే చాలామంది ఒప్పుకుంటారు. 30 రోజులు దాటితేనే అది ఆలస్యపు చెల్లింపుగా బ్యూరోకి వెళ్తుంది.

9. మీ రిపోర్టు మీరే చూసుకోండి

మూడు బ్యూరోల రిపోర్టులూ ఉచితమే. కానీ ఆన్‌లైన్ ఫారం ఎస్ఎస్ఎన్ అడగడం వల్ల ఐటిన్ వాళ్లు అక్కడే ఆగిపోతారు. పోస్టులో అడగండి. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ రిక్వెస్ట్ ఫారం నింపి, పాస్‌పోర్టు కాపీ, ఐటిన్ లేఖ కాపీ, అడ్రస్ రుజువు జతచేసి అట్లాంటాకి పంపాలి: పీ.ఓ. బాక్స్ 105281, అట్లాంటా, జార్జియా 30348-5281. కార్డు వచ్చిన ఆరేడు నెలలకి ఒకసారి ఇలా తెప్పించుకుని పేరు, పాత అడ్రసులు, కార్డు వివరాలు సరిగా ఉన్నాయో చూడండి. పేరు రెండు రకాలుగా ఉండి ఫైలు విడిపోయి ఉంటే, ఆ బ్యూరోకి రుజువులతో రాసి కలపమనండి.

10. తర్వాత ఎస్ఎస్ఎన్ వస్తే

ఈఏడీ వచ్చి ఎస్ఎస్ఎన్ చేతికొచ్చిందా? ఆ రోజు నుంచి ఐటిన్ వాడకూడదు. సంపాదించుకున్న హిస్టరీ మాత్రం పోదు, దాన్ని కొత్త నంబరుకి మార్పించుకోవాలి.

☐ ఐఆర్ఎస్‌కి ఆస్టిన్ అడ్రస్‌కి ఒక లేఖ: పూర్తి పేరు, అడ్రస్, పాత ఐటిన్, ఎస్ఎస్ఎన్ కార్డు కాపీ, ఉంటే సీపీ565 కాపీ. ఇది చేస్తే పాత పన్ను రికార్డులన్నీ కొత్త నంబరు కిందికి వస్తాయి.
☐ ప్రతి బ్యాంకుకీ, కార్డు కంపెనీకీ చెప్పి నంబరు మార్పించండి.
☐ ఒకటి రెండు స్టేట్‌మెంట్లు గడిచాక రిపోర్టు చూడండి. పాత కార్డు కనిపించకపోతే రెండు నంబర్ల రుజువులతో మూడు బ్యూరోలకీ రాయండి.

ఈఏడీ ఇంకా రాకపోతే ఐటిన్‌ని బతికించుకోవాలి. వరసగా మూడేళ్లు పన్ను రిటర్న్‌లో వాడకపోతే దాని గడువు ముగుస్తుంది, అప్పుడు మళ్లీ డబ్ల్యూ-7 వేసి రెన్యువల్ చేసుకోవాలి. ఏటా జాయింట్ రిటర్న్ వేస్తుంటే ఆ ఇబ్బంది రాదు. సీపీ565 లేఖ ఒరిజినల్‌ని మాత్రం పాస్‌పోర్టు పెట్టే ఫైల్లోనే ఉంచండి. ఎస్ఎస్ఎన్ వచ్చిన ఏళ్ల తర్వాత కూడా ఏదో ఒక బ్యూరో దాని కాపీ అడగవచ్చు.